జెట్ పక్కన ఉండే రద్దీని కొలవడం ఎలా: ఒక్క ల్యాప్‌టాప్‌తో అయ్యే ప్రాజెక్టు

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలు ప్రాజెక్టు సీజన్ రాగానే అన్నా అనో, భాయినా అనో పిలిచి దాదాపు ఒకే మాట అడుగుతారు. పార్టికల్ ఫిజిక్స్‌లో ఏదైనా చేయాలనుంది, మా కాలేజీలో డిటెక్టర్ లేదు, పెద్ద కంప్యూటర్లు లేవు, ఉన్నది ఒక ల్యాప్‌టాప్, దాంతో ఏం చేయొచ్చు? నా జవాబు ఎప్పుడూ ఒకటే. అందరూ జెట్ వెంట పడతారు, మీరు జెట్ పక్కన ఏం జరుగుతోందో కొలవండి.

విషయం ఇదీ. రెండు ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు ఒక్కోసారి అటునుంచి ఒక క్వార్కో గ్లువానో, ఇటునుంచి ఇంకొకటి గట్టిగా తగులుకుని చెరో వైపుకీ ఎగిరిపోతాయి. అవే చివరికి కణాల గుత్తులుగా, అంటే జెట్‌లుగా కనిపిస్తాయి. అంతటితో అయిపోతే బాగుండేది. ప్రోటాన్‌లో మిగిలిన ముక్కలు బీమ్ దారినే పోతూ కొన్ని కణాలు రాలుస్తాయి, అవే రెండు ప్రోటాన్లలో ఇంకొన్ని జతల గ్లువాన్లు కూడా మెత్తగా తగులుకుంటాయి, వీటన్నిటి రేడియేషనూ తోడవుతుంది. ఇలా అసలు గట్టి ఢీకి బయట పుట్టే సరంజామా అంతటినీ కలిపి అండర్‌లైయింగ్ ఈవెంట్ అంటారు. ఇంకొన్ని జతలు తగులుకోవడం అన్నానే, దాని పేరు మల్టీపార్టన్ ఇంటరాక్షన్ (పార్టన్ అంటే క్వార్కో గ్లువానో), ఇక మీద ఎంపీఐ అందాం.

దీన్ని ఎందుకు కొలవాలంటే, ఇది జెట్ లోపల కూడా ఉంటుంది. జెట్ ఎనర్జీలో ఎంత జెట్‌ది, ఎంత ఈ అండర్‌లైయింగ్ ఈవెంట్‌ది అని విడదీయకపోతే తక్కువ ఎనర్జీ జెట్ లెక్కలన్నీ తప్పుతాయి. పైగా ఈ మెత్తటి ఢీలను క్యూసీడీ (క్వార్కులు, గ్లువాన్ల సిద్ధాంతం) నుంచి నేరుగా లెక్కగట్టడం కుదరదు, డేటా చూసి మోడల్ సరిచేసుకోవాల్సిందే. అందుకే ప్రతి కొత్త ఎనర్జీ దగ్గరా ఈ కొలతను మళ్ళీ చేస్తారు.

కొంచెం సి ప్లస్ ప్లస్ గానీ పైథాన్ గానీ వచ్చి ఉండాలి. లైనక్స్ ఉంటే మంచిది, విండోస్ వాళ్ళు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) పెట్టుకుంటే సరిపోతుంది.

ముందు నోట్‌బుక్, తర్వాత ల్యాప్‌టాప్

కోడ్ ముట్టుకునే ముందు మీరు కొలిచేది ఏమిటో ఒక పేజీలో రాయండి. ఇది ఫార్మాలిటీ కాదు. అండర్‌లైయింగ్ ఈవెంట్ అనేది ప్రకృతిలో లేబుల్ అంటించుకుని ఉండదు, ఫలానా కణం గట్టి ఢీ నుంచి వచ్చింది, ఫలానాది ఎంపీఐ నుంచి వచ్చింది అని డేటాలో ఏ కణం మీదా రాసి ఉండదు. కాబట్టి మనం కొలిచేది నిజానికి "ఫలానా దిక్కులో, ఫలానా కట్ (కనీస హద్దు) దాటిన కణాల సాంద్రత" మాత్రమే. కట్ మారిస్తే నంబరు మారుతుంది. పిల్లలు పేపర్‌లో ఉన్న నంబరుకీ తమ నంబరుకీ తేడా వచ్చిందని టెన్షన్ పడుతూ వస్తారు, చూస్తే వాళ్ళు 0.2 జీఈవీ (ఎనర్జీ కొలిచే యూనిట్) కట్ పెట్టారు, పేపర్‌లో 0.5 ఉంటుంది.

రాయాల్సినవి: ఢీ ఎనర్జీ ఎంత, ఏ కణాలు లెక్కలోకి వస్తాయి, వాటి ట్రాన్స్‌వర్స్ మొమెంటం, అంటే పీటీ, కనీసం ఎంత, ఈటా (బీమ్‌తో కణం చేసే కోణాన్ని చెప్పే సంఖ్య) పరిధి ఎంత, దిక్కును నిర్ణయించే లీడింగ్ వస్తువు ఏది. మొదటిసారి చేసేవాళ్ళకి నా సలహా ఇది: 13 టీఈవీ (అంటే 13000 జీఈవీ), చార్జ్ ఉన్న స్థిరమైన కణాలు, పీటీ 0.5 జీఈవీ పైన, ఈటా మైనస్ 2 నుంచి 2 వరకు, లీడింగ్ వస్తువుగా చార్జ్ ఉన్న కణాలతోనే కట్టిన జెట్. న్యూట్రల్ కణాలు ఎందుకు వద్దంటే, నిజమైన ట్రాకర్‌లో తక్కువ పీటీ దగ్గర కూడా నమ్మకంగా కొలవగలిగేది చార్జ్ ఉన్నవాటినే, మీ ఫలితాన్ని రేపు డేటా పక్కన పెట్టాలంటే అదే భాషలో ఉండాలి.

"స్థిరమైన" అన్న మాటకి కూడా నిర్వచనం కావాలి. సెర్న్‌లోని పెద్ద కొలైడర్ ఎల్‌హెచ్‌సీ ప్రయోగాలలో వాడుక ప్రకారం దాదాపు 10 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ సీ-టౌ (ఆయుష్షును కాంతి వేగంతో గుణిస్తే వచ్చే దూరం) ఉన్న కణాన్ని స్థిరమైనదిగా తీసుకుంటారు. ఈవెంట్లు పుట్టించే ప్రోగ్రామ్ పిథియాలో టౌ-జీరో పరిమితి ఆన్ చేసి గరిష్ఠం 10 అని పెట్టండి. అది పెట్టకపోతే కే-షార్ట్, లామ్డా లాంటివి విరిగిపోయి వాటి పిల్ల పయాన్లు మీ లెక్కలో చేరిపోతాయి, సాంద్రత కొంచెం పెరిగి కనిపిస్తుంది, ఎందుకు పెరిగిందో ఎంత వెతికినా దొరకదు.

సామాను

మూడే కావాలి. ఈవెంట్లు పుట్టించడానికి పిథియా 8, జెట్‌లు కట్టడానికి ఫాస్ట్‌జెట్, హిస్టోగ్రామ్‌లకి రూట్. పైథాన్ వాళ్ళకి మొదటి రెండూ పిప్‌తోనే వస్తాయి, రూట్ బదులు నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలు. తర్వాత రివెట్ కూడా పెట్టుకోండి, ప్రచురించిన కొలతలు అందులో రెడీమేడ్‌గా ఉంటాయి. అయితే మొదటి రోజే రివెట్‌తో మొదలుపెట్టకండి, అది బటన్ నొక్కితే గ్రాఫ్ ఇస్తుంది, మీకేం అర్థం కాదు.

ఈవెంట్లు పుట్టించడం

పిథియాలో మొత్తం ఢీ ఎనర్జీ 13000 అని ఇచ్చి, హార్డ్ క్యూసీడీ ఆల్ ఆన్ చేసి, పీటీ-హ్యాట్ (గట్టి ఢీలో పార్టన్లకి వచ్చే పీటీ) కనిష్ఠం 20 అని పెట్టండి. ఇక్కడ రెండు గోతులున్నాయి.

ఒకటి, పీటీ-హ్యాట్ 20 దగ్గర కోస్తే ఆ గీతకి దగ్గరలో ఉన్న జెట్‌లన్నీ పక్షపాతంతో వచ్చినవే, 20 కంటే కింద మొదలై పైకి ఎగబాకాల్సినవి మీ శాంపిల్‌లో లేవు కాబట్టి. చార్జ్ ఉన్న కణాల జెట్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది, అందులో అసలు జెట్ పీటీలో మూడింట రెండు వంతుల దాకానే ఉంటుంది. అందుకని తక్కువ పీటీ భాగం కోసం హార్డ్ క్యూసీడీని పూర్తిగా పక్కన పెట్టి, సాఫ్ట్ క్యూసీడీ నాన్‌డిఫ్రాక్టివ్‌తో వేరే రన్ చేయండి. రెండింటినీ ఒకే రన్‌లో కలిపి ఆన్ చేయకండి, పిథియా మాన్యువలే వద్దంటుంది, సాఫ్ట్ దాంట్లోనే హార్డ్ ఢీలు కూడా ఉంటాయి, రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. రెండు రన్‌ల గ్రాఫులు మధ్యలో ఎక్కడ కలుస్తున్నాయో చూసి, అక్కడి నుంచి పైకి హార్డ్‌ది వాడండి. కలవకపోతే మీ పీటీ-హ్యాట్ కోత ఇంకా దిగాలి.

రెండోది, జెట్ పీటీ పెరిగేకొద్దీ జెట్‌ల సంఖ్య దారుణంగా పడిపోతుంది. 100 జీఈవీ జెట్‌లు కావాలని 20 నుంచి మొదలుపెట్టి కూర్చుంటే తెల్లారిపోతుంది. పీటీ-హ్యాట్‌ను ముక్కలుగా చేసి, 20 నుంచి 40, 40 నుంచి 80, అలా వేరువేరు రన్‌లు చేసి, ఒక్కోదానికి దాని క్రాస్ సెక్షన్‌ను ఈవెంట్ల సంఖ్యతో భాగించి వచ్చిన వెయిట్ ఇచ్చి కలపండి. వెయిట్ లేకుండా ఫైళ్ళను ఊరికే కలిపేస్తే సగటు ఏ అర్థమూ లేని నంబరు అవుతుంది.

మా వైపు కరెంటు సంగతి తెలిసిందే, తుఫాను సీజన్లో అయితే చెప్పక్కర్లేదు. ఒకే పెద్ద రన్ పెట్టకుండా చిన్న చిన్న రన్‌లు పెట్టి ఒక్కోదానికి వేరే ఫైల్ రాసుకోండి. అలా చేసేటప్పుడు ర్యాండమ్ సీడ్ ప్రతి రన్‌కీ మార్చాలి. సీడ్ మార్చకపోతే పది ఫైళ్ళలోనూ ఉన్నది అవే ఈవెంట్లు. ఎర్రర్ బార్లు ముచ్చటగా చిన్నవై కనిపిస్తాయి, అంతా ఉత్తిదే. ప్రతి ఫైల్‌లో మొదటి ఈవెంట్ కణాల సంఖ్య ప్రింట్ చేసి చూసుకుంటే అరనిమిషంలో బయటపడుతుంది.

జెట్ కట్టి, దిక్కులు పంచడం

చార్జ్ ఉన్న కణాలలో పీటీ 0.5 దాటి, ఈటా 2.5 లోపు ఉన్నవాటిని ఫాస్ట్‌జెట్‌కి ఇచ్చి, యాంటీ-కేటీ పద్ధతితో, ఆర్ (జెట్ వ్యాసార్ధం) 0.4 పెట్టి జెట్‌లు కట్టండి. వాటిలో ఎక్కువ పీటీ ఉన్నది లీడింగ్ జెట్, దాని అక్షం ఈటా 2 లోపు ఉండాలి. జెట్ కట్టడానికి 2.5 దాకా, లెక్కకి 2 దాకా ఎందుకంటే, అంచు దగ్గర జెట్ సగం తెగిపోకుండా ఉండడానికి.

ఇప్పుడు ప్రతి కణానికీ లీడింగ్ జెట్‌కీ ఫై కోణంలో (బీమ్ చుట్టూ తిరిగే కోణం) తేడా తీయండి. తేడా 60 డిగ్రీల లోపు అయితే టువర్డ్, 120 కి పైన అయితే అవే (ఇంగ్లిష్ away, అంటే అవతలి వైపు), మధ్యలో 60 నుంచి 120 అయితే ట్రాన్స్‌వర్స్. ఈ పంపకం టెవట్రాన్‌లో సీడీఎఫ్ ప్రయోగం కోసం రిక్ ఫీల్డ్ బృందం వాడింది, 2002 లో 1.8 టీఈవీ డేటాతో వచ్చిన వాళ్ళ పేపరు తర్వాత దాదాపు అందరూ ఇదే పట్టుకున్నారు. మా ఠాకురాణి జాతరలో ఊరి మామూలు సందడి ఎంతో కొలవాలంటే ఊరేగింపు డప్పుల ముందు నిలబడి కొలవం, ఆ డప్పు ఎదురుగోడకి తగిలి తిరిగొచ్చే చోటా కొలవం, పక్క సందులోకి వెళ్తాం కదా. లీడింగ్ జెట్ టువర్డ్‌లో ఉంటుంది, దాని జోడీ అవే వైపు ఉంటుంది, ట్రాన్స్‌వర్స్ ఆ పక్క సందు.

కోణం తేడా తీసేటప్పుడు దాన్ని మైనస్ పై నుంచి పై మధ్యకి తెచ్చుకోవడం మర్చిపోకండి. 350 డిగ్రీల దగ్గర జెట్, 10 డిగ్రీల దగ్గర కణం ఉంటే తేడా 20, అంతేగానీ 340 కాదు. ఇది చిన్నపిల్లల తప్పులా ఉంటుంది గానీ ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఫాస్ట్‌జెట్ ఫై ని సున్నా నుంచి రెండు పై వరకు ఇస్తుంది, పిథియా మైనస్ పై నుంచి పై వరకు ఇస్తుంది, రెండూ కలిసినప్పుడు గొడవ.

సాంద్రత తీయడం

ఒక్కో ఈవెంట్‌లో ట్రాన్స్‌వర్స్ ప్రాంతంలో ఎన్ని కణాలున్నాయో, వాటి పీటీల మొత్తం ఎంతో లెక్కపెట్టి, రెండింటినీ ఆ ప్రాంతం వైశాల్యంతో భాగించాలి. ఈటా వెడల్పు 4, ఫై వెడల్పు మొత్తం 120 డిగ్రీలు అంటే 2.094 రేడియన్లు, గుణిస్తే 8.38. ఒక పక్క సందుకే అయితే 4.19. తర్వాత లీడింగ్ జెట్ పీటీ ఎక్స్ అక్షం మీద పెట్టి, సాంద్రత సగటును వై మీద ప్రొఫైల్ హిస్టోగ్రామ్‌గా నింపండి.

ట్రాన్స్‌వర్స్‌లో ఒక్క కణం కూడా లేని ఈవెంట్లు ఉంటాయి. వాటిని వదిలేయకూడదు, సున్నాగా నింపాలి. కణాల లూప్ లోపల హిస్టోగ్రామ్ నింపే అలవాటున్నవాళ్ళకి ఈ ఈవెంట్లు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి, సగటు పైకి లేస్తుంది. తక్కువ పీటీ దగ్గర, తక్కువ ఎనర్జీ దగ్గర ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఒక్కో కణానికి సగటు పీటీ తీసేటప్పుడు మాత్రం కనీసం ఒక కణం ఉన్న ఈవెంట్లే వాడాలి, సున్నాని సున్నాతో భాగించలేం కాబట్టి. రెండు నిబంధనలూ వేరు అని గ్రాఫ్ కింద రాయండి.

ముందుకి పోయే ముందు కోడ్‌ను ఒక ఉత్తుత్తి శాంపిల్‌తో పరీక్షించండి. పిథియా తీసేసి, ఈటా-ఫై లో సమానంగా చల్లిన ర్యాండమ్ కణాలు పెట్టండి, జెట్ బదులు ఏదో ఒక దిక్కును ర్యాండమ్‌గా ఎంచుకోండి. మూడు ప్రాంతాల్లోనూ సాంద్రత ఒకటే రావాలి, మీరు చల్లిన సాంద్రతే రావాలి. రాకపోతే వైశాల్యమో, కోణమో, ఈటా కట్టో ఏదో తప్పింది. ఇది చేయకుండా ఫిజిక్స్ మాట్లాడడం అనవసరం.

గ్రాఫ్ చదవడం

సరిగ్గా చేస్తే సాంద్రత మొదట గబగబా పెరిగి, కొన్ని జీఈవీల తర్వాత మెత్తబడి దాదాపు చదునైపోయి, ఆ తర్వాత చాలా మెల్లగా పెరుగుతూ పోతుంది. ఎల్‌హెచ్‌సీలోని సీఎంఎస్ ప్రయోగం వాళ్ళ 7 టీఈవీ కొలతలో ట్రాక్ జెట్ పీటీ 8 జీఈవీ చుట్టుపక్కల ఈ మలుపు వచ్చింది, అదే కొలతలో 0.9 నుంచి 7 టీఈవీకి వెళ్తే సాంద్రత రమారమి రెట్టింపయింది.

మలుపుకి కారణం ఇలా చెప్తారు. ప్రోటాన్లు ఒకదాన్నొకటి అంచుతో రాసుకుపోవచ్చు, నడిమధ్యలో గుద్దుకోవచ్చు. గట్టి జెట్ కావాలని మీరు అడిగిన కొద్దీ నడిమధ్య గుద్దుకున్నవే ఎంపికవుతాయి, అలాంటివాటిలో ఎంపీఐ కూడా ఎక్కువ. ఒక స్థాయి దాటాక అన్నీ నడిమధ్యవే అయిపోతాయి, ఇంక పెరగడానికేం లేదు. జెట్ కింద ఇలా పీఠం లేచినట్టు కనబడడం 1980 దశకంలోనే సెర్న్‌లో యూఏ1 ప్రయోగం గమనించింది. దీన్నుంచే ఇంకో మాట. ఏ షరతూ లేకుండా తీసుకున్న మామూలు ఢీల సగటు సాంద్రతనే జెట్ కింద ఉండే సాంద్రత అనుకోకూడదు, జెట్ ఉన్న ఈవెంట్లో అది చాలా ఎక్కువ ఉంటుంది. మినిమమ్ బయస్ డేటాతో, అంటే ఆ మామూలు ఢీలతో, బ్యాక్‌గ్రౌండ్ తీసేశాను అని ఎవరైనా అంటే కొంచెం ఆగి అడగండి.

మరి ఆ తర్వాత మెల్లగా పెరగడం ఎందుకు? ఎందుకంటే పక్క సందు నిజంగా ఖాళీ కాదు. గట్టి ఢీ ఒక్కోసారి మూడో జెట్‌ను కూడా విసురుతుంది, అది ట్రాన్స్‌వర్స్‌లోకే వచ్చి పడుతుంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు ముఖ్యంగా అనిపించేది ఇదే, ట్రాన్స్‌వర్స్ సాంద్రత అంటే అండర్‌లైయింగ్ ఈవెంట్ అని కళ్ళు మూసుకుని రాసేస్తారు, అది కాదు.

రెండు సందులనీ విడదీయండి

జెట్‌కి ఎడమ, కుడి పక్కల ట్రాన్స్‌వర్స్‌లను విడివిడిగా లెక్కపెట్టి, ప్రతి ఈవెంట్‌లో ఎక్కువ ఉన్నదాన్ని మ్యాక్స్ అని, తక్కువ ఉన్నదాన్ని మిన్ అని పెట్టండి. మూడో జెట్ వస్తే ఒక పక్కకే వస్తుంది, కాబట్టి అది మ్యాక్స్‌లో పడుతుంది, మిన్‌కి పెద్దగా అంటదు. రెండింటి తేడా రేడియేషన్‌ను చూపిస్తుంది, మిన్ ఎంపీఐకి దగ్గరగా ఉంటుంది. గ్రాఫ్‌లో మిన్ బాగా చదునుగా, మ్యాక్స్, తేడా రెండూ ఎక్కుతూ కనిపిస్తాయి. సగటు ట్రాన్స్‌వర్స్ ఒక్కటే ఇచ్చిన రిపోర్టు కంటే మిన్ ఇచ్చినది నాకు ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

కణాల సంఖ్యకి మ్యాక్స్, పీటీ మొత్తానికి మ్యాక్స్ వేరువేరుగా నిర్ణయించాలి, ఒకే పక్క రెండింట్లోనూ ఎక్కువ ఉండాలని లేదు.

అలాగని తేడా అంతా ఫిజిక్సే అనుకోవద్దు. ఇందాకటి ఉత్తుత్తి శాంపిల్ మళ్ళీ తీయండి. ఒక్కో పక్కకి సగటున 4 కణాలు పాయిజాన్ పంపకంలో చల్లితే, ఏ జెట్టూ లేకపోయినా మ్యాక్స్‌కీ మిన్‌కీ సగటు తేడా 2.2 కణాలు వస్తుంది. అంటే వైశాల్యంతో భాగిస్తే 0.53. ఇది కేవలం ర్యాండమ్ ఎగుడుదిగుడు. మిన్ సాంద్రత అసలు సాంద్రత కంటే తక్కువే ఉంటుందన్నమాట, కాబట్టి మిన్‌ను తీసుకుని నేరుగా జెట్ నుంచి తీసేయకండి, అసలుకే తక్కువ తీసినట్టవుతుంది.

స్విచ్‌లు ఆపి చూడండి

డేటాలో చేయలేనిది, పిథియాలో హాయిగా చేయగలిగేది ఇది. పార్టన్ లెవెల్‌లో ఎంపీఐ ఆఫ్ చేసి మళ్ళీ రన్ చేయండి. ట్రాన్స్‌వర్స్ ఢమాల్న పడిపోతుంది, ముఖ్యంగా మిన్. తర్వాత ఎంపీఐ ఆన్ చేసి ఐఎస్ఆర్ (ఢీకి ముందే పార్టన్లు చేసే రేడియేషన్) ఆపండి, ఇప్పుడు ఎక్కువ పీటీ దగ్గర మ్యాక్స్-మిన్ తేడా తగ్గుతుంది. కలర్ రీకనెక్షన్ (పార్టన్ల మధ్య కలర్ తీగలు మళ్ళీ వేరేలా కలుసుకోవడం) ఆపితే కణాల సంఖ్య, ఒక్కో కణం సగటు పీటీ ఎదురెదురుగా కదులుతాయి. అన్నీ ఒకే పేజీలో ఒకే స్కేల్‌తో గీయండి. వైవాలో ఎగ్జామినర్ అడిగే సగం ప్రశ్నలకి ఆ పేజీయే జవాబు.

ఇదయ్యాక ఎంపీఐ బలాన్ని నిర్ణయించే పీటీ-జీరో రిఫరెన్స్‌ను కొంచెం అటూ ఇటూ జరపండి. పిథియా మామూలుగా వాడే పరామితుల సెట్టయిన మోనాష్ ట్యూన్‌లో అది 7 టీఈవీ దగ్గర 2.28 జీఈవీ. తగ్గిస్తే ఎంపీఐ పెరుగుతుంది, సాంద్రత పెరుగుతుంది. ట్యూనింగ్ అంటే లోపల జరిగేది ఇలాంటిదే, కాకపోతే చాలా పరామితులు ఒకేసారి.

మన ఊరి కొలత

ఇక్కడ ఆగి 200 జీఈవీకి దిగండి. అమెరికాలో బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లోని రిక్ యంత్రం ప్రోటాన్లను 200 జీఈవీ దగ్గర ఢీకొట్టించింది, దాని మీద ఉన్న స్టార్ డిటెక్టర్ బృందంలో ఐసర్ బరంపురం కూడా సభ్యురాలు. స్టార్ పేపర్ల చివర సంస్థల జాబితాలో బరంపురం పేరు కనిపిస్తుంది, మనవాళ్ళకి చూపిస్తే ముచ్చటపడతారు. వాళ్ళ అండర్‌లైయింగ్ ఈవెంట్ కొలత 2020 లో వచ్చింది: పీటీ 0.2 జీఈవీ పైన, ఈటా 1 లోపు, జెట్‌లు యాంటీ-కేటీ ఆర్ 0.6.

అవే కట్‌లతో పిథియాలో రన్ చేయండి. ఎల్‌హెచ్‌సీలో చూసిన పెరుగుదల ఇక్కడ కనపడదు. లీడింగ్ జెట్ పీటీ పెరిగితే ట్రాన్స్‌వర్స్ సాంద్రత పెరగకపోగా కాస్త దిగుతుంది. 200 జీఈవీ ఢీలో 30 జీఈవీ జెట్ ఒకటి, దాని జోడీ ఒకటి పుట్టాయంటే ప్రోటాన్ల ఎనర్జీలో పెద్ద వాటా వాటికే పోయింది, మిగతావాటికి మిగిలింది తక్కువ. 13 టీఈవీలో 30 జీఈవీ జెట్ అంటే ఖర్చే కాదు. ఒకే పద్ధతి, ఒకే కోడ్, రెండు ఎనర్జీల దగ్గర రెండు రకాల వాలు, రిపోర్టులో ఇది పెడితే ఎవరూ కాపీ అనరు. ఒక్క జాగ్రత్త, మోనాష్ ట్యూన్ పెద్ద ఎనర్జీల కోసం సరిచూసినది. రిక్ ఎనర్జీల కోసం డెట్రాయిట్ ట్యూన్ అని ఒకటి తర్వాత వచ్చింది, దాని పరామితులు పెట్టి రెండూ పోల్చండి.

డిటెక్టర్ ఉన్నట్టు నటించండి

నిజమైన కొలతలో సగం శ్రమ ఇక్కడే. ప్రతి చార్జ్ ఉన్న కణాన్నీ నాణెం ఎగరేసినట్టు 10 శాతం అవకాశంతో పారేయండి, జెట్‌లను మిగిలినవాటితో మళ్ళీ కట్టండి, కొలత మళ్ళీ తీయండి. చదునైన భాగంలో సాంద్రత దాదాపు 10 శాతం పడుతుంది, 0.9 తో భాగిస్తే సరిపోతుంది. మలుపుకి ముందు, గ్రాఫ్ ఎక్కుతున్న భాగంలో అలా భాగిస్తే సరిపోదు. ఎందుకంటే జెట్ పీటీ కూడా తగ్గి ఈవెంట్లు పక్క బిన్‌లోకి జారిపోతాయి. అన్‌ఫోల్డింగ్ (డిటెక్టర్ వల్ల జారినవాటిని లెక్కతో వెనక్కి సరిదిద్దడం) అవసరం ఎక్కడో, ఎక్కడ లేదో పుస్తకం కంటే ఈ ఒక్క గ్రాఫే బాగా చెప్తుంది. అవసరమైన చోట రూఅన్‌ఫోల్డ్ ప్యాకేజీలోని బేయిస్ పద్ధతి వాడండి.

ఇంకో తమాషా చూడండి. ట్రాకులు పోవడం వల్ల లీడింగ్ జెట్ తారుమారైతే ఏమవుతుంది? రెండో జెట్ లీడింగ్ అయిపోతే అది దాదాపు 180 డిగ్రీల అవతల ఉంటుంది కాబట్టి టువర్డ్, అవే చోట్లు మారతాయి గానీ ట్రాన్స్‌వర్స్ అక్కడే ఉంటుంది. మూడో జెట్ లీడింగ్ అయితే మాత్రం అసలు జెట్ వచ్చి మీ పక్క సందులో కూర్చుంటుంది. ఎన్ని ఈవెంట్లలో అలా జరిగిందో లెక్కపెట్టి, సిస్టమాటిక్ ఎర్రర్‌లో చేర్చండి.

అసలు డేటా కావాలనుకునేవాళ్ళకి సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్ 2014 నుంచి ఉంది, సీఎంఎస్ 2010 డేటా అందులో మొదట్లోనే వచ్చింది. 2010 దే తీసుకోమంటాను, ఆ ఏడాది ఒకే క్షణంలో పలు ఢీలు పడే పైల్అప్ తక్కువ. 2018 లో సగటున ఒక్కో క్రాసింగ్‌కి ముప్పైకి పైగా ఢీలు, అందులో ఏ మెత్తటి కణం ఏ ఢీదో తేల్చడం ల్యాప్‌టాప్ ప్రాజెక్టుకి పెనుభారం. ఒకే వెర్టెక్స్ (ఢీ జరిగిన చోటు) ఉన్న ఈవెంట్లు ఎంచుకుని, ఆ వెర్టెక్స్‌కి దగ్గరగా ఉన్న ట్రాకులే తీసుకోండి. నానో-ఏఓడీ అనే కుదించిన ఫైళ్ళు చిన్నగా ఉన్నాయని వాటి జోలికి పోకండి, వాటిలో అన్ని ట్రాకులూ ఉండవు, మీకు కావాల్సింది సరిగ్గా అవే. ఫైళ్ళు పెద్దవి, హాస్టల్ వైఫైతో అయ్యే పని కాదు, డిపార్ట్‌మెంట్ నెట్ రాత్రిపూట అడిగి వాడుకోండి.

చివరగా, జెట్‌లోంచి తీసేయడం

ఇప్పుడు కొలిచినదాన్ని వాడాలి. సులువైనది పక్క కోన్ పద్ధతి: జెట్ ఈటా దగ్గరే, ఫై లో 90 డిగ్రీలు అటూ ఇటూ, జెట్ అంత వ్యాసార్ధంతో రెండు కోన్‌లు గీసి వాటి సగటు పీటీ సాంద్రతను జెట్ వైశాల్యంతో గుణించి తీసేయడం. ట్రాన్స్‌వర్స్ మొత్తం కాకుండా కోన్ ఎందుకంటే, సాంద్రత ఈటాతో మారుతుంది, కోన్ ఆ జెట్ ఉన్న ఈటా దగ్గరే కొలుస్తుంది. రెండోది ఫాస్ట్‌జెట్‌లోనే ఉన్న మీడియన్ పద్ధతి, ఈవెంట్‌ను కేటీ జెట్‌లుగా పరిచి, ఒక్కోదాని పీటీని వైశాల్యంతో భాగించి, అన్నిటి మధ్య విలువ తీసుకుంటుంది. ప్రోటాన్ ఢీలలో, అందులోనూ 200 జీఈవీ దగ్గర, ఈవెంట్ చాలావరకు ఖాళీగా ఉంటుంది కాబట్టి మీడియన్ తరచు సున్నాకి అతుక్కుపోతుంది, అందుకే ఇక్కడ నేను కోన్ వైపే.

ఎంత తేడా వస్తుందో ఒక లెక్క వేసుకోండి. ఆర్ 0.4 జెట్ వైశాల్యం సుమారు 0.5. పీటీ సాంద్రత 1.5 జీఈవీ అనుకుంటే తీసేయాల్సింది 0.75 జీఈవీ. 100 జీఈవీ జెట్‌కి అది లెక్కలోకే రాదు. 20 జీఈవీ జెట్‌కి 4 శాతం లోపే, చిన్నదే అనిపిస్తుంది, కానీ జెట్‌ల సంఖ్య పీటీ అయిదో ఘాతంలా పడిపోతోందనుకుంటే ఆ 4 శాతం జరుగుడు ఆ బిన్‌లో జెట్‌ల సంఖ్యను 20 శాతం దాకా మారుస్తుంది. మీ జెట్ స్పెక్ట్రమ్‌ను తీసేయక ముందు, తీసేశాక ఒకే గ్రాఫ్‌లో వేసి, కింద నిష్పత్తి గీయండి. ఆర్ 0.6 తో కూడా వేయండి, వైశాల్యం 1.13 అవుతుంది కాబట్టి నిష్పత్తి ఇంకా వంగుతుంది. ఎంపీఐ ఆఫ్ చేసిన రన్ స్పెక్ట్రమ్ కూడా పక్కన పెట్టి, మీరు తీసేశాక వచ్చిన గీత దానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. అచ్చంగా దాని మీద పడదు, పక్క కోన్‌లో మూడో జెట్ రేడియేషన్ కూడా కొంత దొర్లింది కాబట్టి. ఆ మిగిలిన తేడానే మీ పద్ధతి ఎర్రర్‌గా రాసి, కట్‌లన్నీ గ్రాఫ్ కింద పెట్టి, గైడ్‌కి పంపండి.